తోలుబొమ్మల తెర ముందు కొత్త క్యామ్‌కార్డర్: చీకటి పరీక్షల డైరీ

ఆదివారం

ధర్మవరం దగ్గరి ఒక ఊళ్ళో తోలుబొమ్మలాట బృందం వాళ్ళు తమ సుందరకాండను మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేసిపెట్టమని అడిగారు. యూట్యూబు కోసం కాదు. ఆట నేర్చుకునే పిల్లలకు చూపించడానికి, పెద్దాయన నోటి మీద ఉన్న పద్యాలు ఆయనతోనే పోకుండా ఉండటానికి. రాత్రి భోజనాలయ్యాక మొదలుపెడితే కోడి కూసేదాకా సాగే ఆట. ఉన్న వెలుతురల్లా తెర వెనక వేలాడే బల్బులదే. నేను పక్కనుంచి ఒక లైటు కొడదామన్నా కుదరదు, ముందు వైపు నుంచి ఏ వెలుతురు పడినా తెర మీద బొమ్మ వెలిసిపోతుంది. ఉన్నదాంతోనే తీయాలి. నా పాత హ్యాండీక్యామ్ ఈ పనికి చాలదని తెలుసు కాబట్టి కొత్తది కొన్నాను. ఆట రోజు వచ్చేలోపు దీని గుట్టు తెలుసుకోవాలి.

ఈ కెమెరాకు ఉన్నది 1 అంగుళం సెన్సరు (వెలుతురును బొమ్మగా మార్చే చిప్), 12 రెట్ల జూమ్. లెన్సు వైడ్‌లో, అంటే జూమ్ చేయనప్పుడు, ఎఫ్/2.8, జూమ్ చివరికి వెళ్ళేసరికి ఎఫ్/4.5. ఈ అంకె ఎంత తక్కువైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. 4కే రికార్డింగు సెకనుకు 100 మెగాబిట్లు, గెయిన్, అంటే వెలుతురు చాలనప్పుడు కెమెరా సిగ్నల్‌ను పెంచడం, 33 డెసిబెల్స్ దాకా పోతుంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరగతిలో ఏది కొన్నా లెక్కలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

"1 అంగుళం" అని పేరే గానీ కొలిస్తే 13.2 × 8.8 మిల్లీమీటర్లు. వెనకటి టీవీ కెమెరాల్లో గాజు ట్యూబులుండేవి. ఆ ట్యూబు బయటి వ్యాసాన్ని బట్టి పిలిచే అలవాటు ట్యూబులు పోయినా పోలేదు. నా పాతదానిలో ఉన్నది 1/2.5 అంగుళాల సెన్సరు. వైశాల్యం చూస్తే కొత్తది దానికి నాలుగున్నర రెట్లకు పైనే. షాపులో ఈ మాటే చెప్పి అమ్ముతారు. చెప్పనిది ఏమిటంటే, పాతదాని లెన్సు ఎఫ్/1.8. ఎఫ్/2.8తో పోలిస్తే అది రెండున్నర రెట్ల దాకా ఎక్కువ వెలుతురు లోపలికి రానిచ్చేది. సెన్సరు ఇచ్చినదాంట్లో సగానికి పైగా లెన్సు వెనక్కి లాగేసుకుంది. వైడ్‌లో చివరికి మిగిలే లాభం దాదాపు రెండు రెట్లు, అంటే ఒక్క స్టాపు. తక్కువేమీ కాదు, కానీ దుకాణంలో విన్నంత మాత్రం కాదు.

ఇక పెట్టె మీది అంకె: కనిష్ఠ వెలుతురు 1.7 లక్స్. కొవ్వొత్తికి మీటరు దూరంలో ఒక కాగితం పెడితే దాని మీద పడేది సుమారు 1 లక్స్. అంటే ఒకటిన్నర కొవ్వొత్తి వెలుతురులో సినిమా తీసెయ్యొచ్చని అర్థం రావాలి. మాన్యువల్ వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో షరతు ఉంది: లో లక్స్ మోడ్‌లో, షట్టర్ (ఒక్కో ఫ్రేము వెలుతురు పట్టే సమయం) సెకనులో 1/25కి దించి, ఐరిస్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) మొత్తం తెరిచి, గెయిన్ పైకెక్కించి. అప్పుడు బొమ్మ *కనిపిస్తుంది*. చూడబుద్ధవుతుందా అన్నది వాళ్ళ పూచీ కాదు. ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా కొలుస్తుంది కాబట్టి రెండు పెట్టెల మీది అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడం కూడా దండగే. ఆ అంకెను ఇంతటితో వదిలేశాను.

సోమవారం రాత్రి

మొదటి పరీక్షకు వెలుతురే అక్కర్లేదు. లెన్సుకు మూత పెట్టి, మాన్యువల్‌లో గెయిన్‌ను సున్నా నుంచి ఆరేసి డెసిబెల్స్ చొప్పున పెంచుతూ, ఒక్కో మెట్టు దగ్గర కాసేపు రికార్డు చేశాను. ప్రతి 6 డెసిబెల్స్‌కు సిగ్నల్ రెండింతలు. 18 అంటే ఎనిమిది రెట్లు, 24 అంటే పదహారు. టీవీకి పెట్టి గదిలో లైట్లు ఆర్పి చూస్తే 12 దాకా నలుపు నలుపుగానే ఉంది. 18 దగ్గర సన్నటి కదలిక మొదలైంది, టీవీకి దగ్గరగా కూర్చుంటేనే తెలుస్తుంది. 24 నుంచి మూలల్లో ఊదారంగు కమ్ముకుంది. 30 దాటాక నలుపు అనేదే లేదు.

అదే పరీక్ష కెమెరాను అరగంట పైగా ఆన్‌లో ఉంచి మళ్ళీ చేస్తే కుడివైపు కింద ఒక ఎర్ర చుక్క కదలకుండా నిలబడింది. హాట్ పిక్సెల్. సెన్సరు వేడెక్కే కొద్దీ వెలుతురు లేకున్నా పుట్టే ఈ దొంగ కరెంటు పెరుగుతుంది. మోటు లెక్కన 6 నుంచి 8 డిగ్రీలకు ఒకసారి రెండింతలవుతుంది. మన అనంతపురం వేసవిలో, తెల్లవార్లూ ఆపకుండా తిప్పే కెమెరాకు ఇది చిన్న విషయం కాదు. ఎల్‌సీడీ తెరను బాడీకి ఆనించి మూసేయకుండా కాస్త తెరిచి ఉంచితే వేడి త్వరగా పోతోంది. ఆట రోజు అలాగే ఉంచాలి.

బుధవారం

ఇంట్లో అసలు పరీక్ష. చార్టులు కొనలేదు. కావలసినవన్నీ ఇంట్లోనే ఉన్నాయి: ఒక తెలుగు దినపత్రిక పేజీ, మా ఆవిడ ధర్మవరం పట్టుచీర, మేనల్లుడి మొహం. ఇంకొకటి, నిమ్మలకుంట నుంచి తెచ్చుకున్న తోలు లాంప్‌షేడు.

దీని గురించి రెండు ముక్కలు. నిమ్మలకుంట మాకు దగ్గరే. తోలుబొమ్మలకు పెట్టింది పేరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆటలు తగ్గాక అక్కడి చాలా ఇళ్ళలో అదే మేకతోలుతో, అదే రంగులతో లాంప్‌షేడ్లు చేసి బతుకుతున్నారు. నా పరీక్షకు ఇంతకంటే మంచి నమూనా ఏం కావాలి? లోపల బల్బు పెడితే, ఆటలో బొమ్మ తోలు గుండా వెలుతురు ఎలా వస్తుందో అచ్చం అలాగే.

హాల్లో ఒక్క 40 వాట్ల బల్బు వేసి, లక్స్ మీటరు పెడితే పేపరు దగ్గర 15 వచ్చింది. షట్టర్ 1/50, ఐరిస్ ఎఫ్/2.8, గెయిన్ మెట్లు మెట్లుగా.

తెలుగు పేపరును మించిన రిజల్యూషన్ చార్టు లేదని ఎప్పటినుంచో నా నమ్మకం. ఇంగ్లీషు అక్షరం సగం చెరిగినా పోల్చుకోవచ్చు. మన ద, ధల మధ్య తేడా కడుపు కింద ఒక చిన్న గీత. డ, ఢ కూడా అంతే. 12 దగ్గర జిల్లా పేజీలోని చిన్న వార్త కూడా చదవగలిగాం. 18లో కళ్ళు చికిలించాలి. 24లో పదాలు ఉన్నాయి, గీతలు పోయాయి. మావాడు టీవీ దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపించాడు: "మామా, ధర్మవరం కాస్తా దర్మవరం అయిపోయింది చూడు." అక్షరాలు గ్రెయిన్స్‌లో, అంటే చీకట్లో బొమ్మ మీద ఇసుకలా కదిలే చుక్కల్లో (నాయిస్ అన్నా అదే), కలిసిపోలేదు, నున్నగా చెరిగిపోయాయి. అది నాయిస్ పని కాదు, నాయిస్‌ను తుడిచే కెమెరా పని. గెయిన్ పెరిగే కొద్దీ లోపలి సాఫ్ట్‌వేర్ గ్రెయిన్స్‌తో పాటు సన్నటి వివరాలను కూడా ఊడ్చేస్తోంది. ఈ కెమెరాలో దాన్ని ఆపే మెనూ లేదు.

పట్టుచీర అదే మాట ఇంకా గట్టిగా చెప్పింది. 12 దగ్గర అంచు జరీలో పోగు పోగు విడిగా తెలుస్తోంది. 24కు వచ్చేసరికి జరీ అంతా కలిసి పసుపు రిబ్బను. గ్రెయిన్స్ ఉంటే ఉండనీ, పోగు కనపడితే చాలు అనుకునే మనిషిని నేను. ఆ ఎంపిక నా చేతిలో పెట్టకపోవడం మాత్రం నచ్చలేదు.

ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. చీకట్లో వచ్చే గ్రెయిన్స్ అంతా కెమెరా తప్పు కాదు. వెలుతురే చినుకుల్లా విడివిడిగా పడుతుంది, తక్కువ పడినప్పుడు ఒక పిక్సెల్ మీద ఎక్కువ, పక్కదాని మీద తక్కువ పడటం సహజం. వెలుతురు నాలుగింతలు చేస్తే ఈ అసమానత సగమే తగ్గుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని దాటలేదు, దాచగలదంతే. అందుకే గెయిన్ పెంచడం కంటే వెలుతురు దగ్గరికి జరగడం ఎప్పుడూ లాభం.

తర్వాత ప్రమిద వెలిగించి మావాడి మొహం తీశాను. వెలుతురు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గే కొద్దీ పసుపు ఎక్కువ. నూనె దీపం రంగు దాదాపు 1900 కెల్విన్, అందులో నీలం దాదాపు లేనట్టే. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనపడేలా రంగులు సర్దడం) ఆటోలో ఉంచితే కెమెరా లేని నీలాన్ని లాగి లాగి తెచ్చింది, దాంతో చెంపల మీద నీలి మచ్చలు. 2500 దగ్గర లాక్ చేస్తే మొహం పసుపుగా, దీపం ముందు మొహంలాగే ఉంది, మచ్చలు సగానికి సగం పోయాయి. దీపం వెలుతురును తెల్లగా చేయాలని చూడకపోతే చాలు, నాయిస్ దానంతటదే తగ్గుతుంది.

జీరో బల్బు కింద 33 డెసిబెల్స్ పెట్టి కూడా తీశాను, సరదాకి. మంచం, ఫ్యాను, గోడ మీది క్యాలెండరు అన్నీ ఉన్నాయి. సీసీ కెమెరా ఫుటేజీకి పనికొస్తుంది.

శుక్రవారం

జూమ్ సంగతి. లెన్సు మీద ఎఫ్/2.8 నుంచి 4.5 అని రాసి ఉంటే మధ్యలో మెల్లగా తగ్గుతుందని అనుకుంటాం. ఐరిస్ అంకె చూస్తూ జూమ్ చేశాను: వైడ్ వదిలిన కాసేపటికే అది 3.5 దాటింది, సగం జూమ్‌కు 4 పైన. 2.8 అన్నది పూర్తి వైడ్‌లో మాత్రమే దొరికే వస్తువు. 4 దగ్గర తీయడమంటే సగం వెలుతురు పోగొట్టుకుని 6 డెసిబెల్స్ గెయిన్ అప్పు తెచ్చుకోవడం. పెళ్ళి హాల్లో వెనక గోడకు ఆనుకుని జూమ్‌తో లాక్కొచ్చే అలవాటు ఉన్న మాలాంటివాళ్ళకు ఇది చేదు మందే.

దీన్నిబట్టి ట్రైపాడ్ ఎక్కడ పెట్టాలో తేలిపోయింది. ఈ లెన్సు వైడ్‌లో, మనం ఎంత దూరంలో ఉంటే దానికి ఒకటింపావు రెట్ల వెడల్పు ఫ్రేములోకి వస్తుంది. బృందం తెర వెడల్పు పదకొండు అడుగుల చిల్లర. పది అడుగుల దూరంలో కూర్చుంటే తెర మొత్తం 2.8లోనే వస్తుంది. అది చిన్నపిల్లలు కూర్చునే చోటు. ట్రైపాడ్ కాళ్ళు పొట్టిగా దించి వాళ్ళ మధ్యే నేనూ చాప మీద చతికిలబడాలి.

ఫ్లికర్ పరీక్ష కూడా ఈ రోజే అయింది. మన కరెంటు 50 హెర్ట్జ్, బల్బు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే ప్రతి ఫ్రేములోనూ సమానంగా మినుకులు పడతాయి, ఏమీ తెలియదు. 1/60 పెడితే ఫ్రేము మీద నల్ల పట్టీలు పైకి కిందికి పాకుతాయి. ఇది పెళ్ళిళ్ళ వీడియోలు తీసేవాళ్ళందరికీ తెలిసిందే. తెలియాల్సింది సీరియల్ లైట్లు, చవక ఎల్‌ఈడీల గురించి. వాటి లోపలి డ్రైవరు తన ఇష్టం వచ్చిన వేగంతో ఆర్పి వెలిగిస్తుంది, మన 1/50 లెక్క వాటికి పట్టదు. గుడి దగ్గర ఆట కాబట్టి గోపురానికి సీరియల్ లైట్లు ఉంటాయి. అవి ఫ్రేములోకి రాకుండా కూర్చోవడమే దారి.

ఆదివారం, బృందం ఇంటి దగ్గర

రిహార్సల్‌కు రమ్మన్నారు. పెరట్లో తెర కట్టారు, బొమ్మలు గోడకు ఆనించి వరసగా నిలబెట్టారు. మన బొమ్మలు మనిషంత ఎత్తు. కేరళ తోల్పావకూత్తులో వాడే జింకతోలు బొమ్మలు వెలుతురును ఆపేస్తాయి, తెర మీద పడేది నల్లటి నీడ. ఒడిశా రావణఛాయ కూడా అంతే. మన మేకతోలు వెలుతురును లోపలి నుంచి పోనిస్తుంది, తెర మీద పడేది రంగు. కెమెరా పట్టినవాడికి ఈ తేడా చాలా పెద్దది. నీడకైతే తెర తెల్లగా వస్తే చాలు. ఇక్కడ తెర వెలుతురును కాదు, తోలు గుండా వచ్చిన వెలుతురును కొలవాలి. అది తెర కంటే బాగా తక్కువ.

ముందు ఆటోలో పెట్టి తీశాను, ఏం చేస్తుందో చూద్దామని. ఫ్రేములో తెర చుట్టూ ఉన్నదంతా చీకటి కాబట్టి కెమెరా సగటు లెక్కగట్టి గెయిన్ ఎక్కించేసింది. తెర తెల్ల గోడయింది. సీతమ్మ చీర ఎరుపు కాస్తా లేత గులాబీ. చిన్న ఎల్‌సీడీలో పెద్దాయనకు చూపించాను. అద్దాలు సర్దుకుని చూశారు.

"ఏం నాయనా, నీ డబ్బాలో రాత్రి పగలైపోయిందే. మా తల్లి సొమ్ములన్నీ యాడికి పోయినాయి?"

నిజమే, సొమ్ములు పోయాయి. బొమ్మల నగలు రంగుతో వేసినవి కావు, తోలుకు ఉలితో పొడిచిన సన్నటి రంధ్రాలు. వడ్డాణం ఒక వరస, కాసుల పేరు ఒక వరస, చీర అంచు మీద పూలు. తోలు గుండా వచ్చేది రంగు వెలుతురైతే, ఈ రంధ్రాల గుండా వచ్చేది బల్బు వెలుతురే నేరుగా. ఫ్రేములో అన్నిటికంటే ముందు పేలిపోయేవి అవే. ఎక్స్‌పోజరు కొంచెం ఎక్కువైతే ఒక్కో చుక్క ఉబ్బి పక్క చుక్కను ముట్టుకుంటుంది, కాసుల పేరు తెల్ల తాడవుతుంది. ఇంకొంచెం ఎక్కువైతే మెడ దగ్గర ఒక తెల్ల మరక, అంతే.

ఇన్నాళ్ళూ పేపర్ల మీద, చీరల మీద చేసిన పరీక్షలన్నీ ఒక ఎత్తు, ఈ రంధ్రాలొక ఎత్తు. "ఉండు పెద్దయ్యా, చూపిస్తా" అని మాన్యువల్‌కు మార్చాను. ఐరిస్ 2.8, షట్టర్ 1/50, జీబ్రా (వెలుతురు హద్దు దాటిన చోట ఎల్‌సీడీలో చారలు చూపే సదుపాయం) 100 దగ్గర పెట్టి గెయిన్ దించుకుంటూ వచ్చాను. 12 దగ్గర తెర మధ్యభాగమంతా జీబ్రా గీతలు. 9 దగ్గర బల్బు ఎదురుగా ఉన్న చోట మాత్రమే. 6 దగ్గర తెర మీద గీతలు పోయి, బొమ్మ నగల చుక్కల్లో మాత్రం మిణుకు మిణుకుమంటున్నాయి. అదీ కావలసింది. చుక్క చుక్క విడిగా ఉంది, చీర ఎర్రగా ఉంది, తెర తెలుపు కాకుండా పాల మీగడ రంగులో ఉంది. పెద్దాయన మళ్ళీ చూసి ఏమీ అనలేదు. మనవడిని పిలిచి, సీతమ్మను తీసి హనుమంతుణ్ణి పెట్టమన్నారు. అదే సర్టిఫికెట్ అనుకున్నాను.

చీకట్లో బాగా తీస్తుందని కొన్న కెమెరా గెయిన్‌ను, ఆ చీకట్లోనే 6 దగ్గర ఆపేయాల్సి వచ్చింది. ఆట తెర వరకు లో లైట్ సమస్యే లేదు, ఆటోను నమ్మకపోతే చాలు.

బల్బుల గొడవ కూడా అక్కడే తేలింది. వెనకటి కాలంలో ఆముదం దీపాలతో ఆడేవారు. ఇప్పుడు వీళ్ళు నాలుగు 100 వాట్ల మామూలు బల్బులు వాడుతున్నారు. కమిటీ వాళ్ళెవరో కరెంటు కలిసొస్తుందని ఎల్‌ఈడీ బల్బులు తెచ్చిచ్చారట. పెద్దాయన ఒక్క రోజు వాడి పక్కన పెట్టేశారు. "అది పెడితే ఎరుపు సచ్చిపోతాది సామీ" అన్నారు. రెండూ పెట్టి చూశాను. ఆయన కన్ను ఏ మీటరుకూ తీసిపోదు. చవక ఎల్‌ఈడీ వెలుతురులో ముదురు ఎరుపు భాగం చాలా తక్కువ. పెట్టె మీద రాసే 80 సీఆర్‌ఐ (ఆ వెలుతురులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) లెక్కలోకి ఆ ముదురు ఎరుపు రానే రాదు, దాన్ని ఆర్9 అని విడిగా కొలుస్తారు. మామూలు ఎల్‌ఈడీల్లో అది సున్నా చుట్టుపక్కలే. లేని రంగును ఏ వైట్ బ్యాలెన్సూ పుట్టించలేదు. ఫిలమెంటు బల్బు కింద రావణుడి పది తలల కిరీటాలు కుంకుమ రంగులో ఉంటే, ఎల్‌ఈడీ కింద ఇటుక రంగు. ఫిలమెంటుకు ఇంకో లాభం కూడా ఉంది. తీగ వేడిగా ఉంటుంది కాబట్టి మినుకు పెద్దగా తెలియదు. ఊళ్ళో కరెంటు పోయి జనరేటరు మీద నడిస్తే ఫ్రీక్వెన్సీ 50 దగ్గర నిలకడగా ఉండదు, ఎల్‌ఈడీ అయితే పట్టీలు పాకడం ఖాయం.

ఆటో ఫోకస్ మీద కూడా ఒక మాట. ఆట మొదలవగానే ఫోకస్ కొట్టుకోవడం మొదలైంది, ముందుకీ వెనక్కీ. ఎందుకో కాసేపు చూస్తే అర్థమైంది. బొమ్మను తెరకు ఆనిస్తే గీత పదునుగా ఉంటుంది. ఆడించేవాడు జానెడు వెనక్కి లాగితే బొమ్మ పెద్దదై, మసకై, రంగు పలచబడి గాలిలో తేలినట్టు అవుతుంది. హనుమంతుడు సముద్రం మీద ఎగిరేటప్పుడు కావాలనే అలా చేస్తారు. ఆ మసకను చూసి కెమెరా తన ఫోకస్ పోయిందనుకుని వెతుక్కుంటుంది. ఆటలో మసక ఎక్కడ ఉండాలో చెప్పాల్సింది ఆడించేవాడు, కెమెరా కాదు. మాన్యువల్‌కు మార్చి, జూమ్ చేసి గుడ్డ నేత పోగుల మీద ఫోకస్ పెట్టి, వెనక్కి వైడ్‌కు వచ్చి లాక్ చేశాను. ఇక రాత్రంతా ముట్టుకోవాల్సిన పని లేదు. ఒక్క జాగ్రత్త, కొంత జూమ్ దగ్గర గుడ్డ నేతకూ సెన్సరు గళ్ళకూ పొత్తు కుదిరి తెర మీద అలలు అలలుగా మొరే వస్తోంది. కొంచెం వెనక్కో ముందుకో జరిగితే పోతుంది.

వైట్ బ్యాలెన్సు కూడా లాకే. నీలం రాముడు తెరంతా నిండితే ఆటో పసుపు ఎక్కించింది, ఆయన వెళ్ళిపోయాక కాసేపటి దాకా ఆ పసుపు పోలేదు. 2800 దగ్గర ఆపేశాను.

మంగళవారం

జనం మొహాలు. అసలు చీకటి ఇక్కడుంది.

ఆటలోని హాస్యగాళ్ళు కేతిగాడు, బంగారక్క తెర మీదికొచ్చి బూతుకు అంచుల్లో మాట్లాడుతుంటే ముందు వరస పిల్లలు పడి పడి నవ్వుతారు, వెనకాల ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుంటారు. అది రికార్డు కాకపోతే ఆట సగమే రికార్డయినట్టు. రిహార్సల్‌కు చుట్టుపక్కల పిల్లలు చేరారు కాబట్టి మీటరుతో కొలవగలిగాను. తెర నుంచి వచ్చే వెలుతురు ముందు వరసలో 25 లక్స్, వెనక వరసలో 4.

తెరకు కుదిరిన సెట్టింగులో పిల్లల మొహాలు కనపడవు. గెయిన్ 18, షట్టర్ 1/25కు మారిస్తే మూడు స్టాపులు, ఎనిమిది రెట్లు. ముందు వరస బాగా వచ్చింది. కళ్ళల్లో తెర మెరుపు, చెంప మీద పసుపు వెలుగు, వెనకంతా నలుపు. అది రాత్రిలాగే ఉంది. 24కు పెంచితే వెనక వరస కూడా తేలింది, కానీ ధ గీతలాగే కనురెప్పలు పోయాయి. వెనక వరసను తలల వరసగానే వదిలేస్తాను. 1/25లో చేతులు ఊపితే చాలు సాగిపోయినట్టు వస్తుంది, కళ్ళప్పగించి కూర్చున్న పిల్లలకు ఆ బాధ లేదు.

ఈ షాట్లకు ఎడిటింగులో నాయిస్ తగ్గించే పని కొంత ఉంది. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగు సాఫ్ట్‌వేర్‌లో ఆ సౌకర్యం డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే ఉంటుంది. అది పక్క పక్క ఫ్రేములను కలిపి సగటు తీస్తుంది కాబట్టి కదలని మొహాల మీద చక్కగా పనిచేసింది. సరదాకి బొమ్మల షాటు మీద వేసి చూస్తే హనుమంతుడి చెయ్యి వెనకాల ఇంకో చెయ్యి నీడలా వచ్చింది. తెర షాట్లకు వాడను.

తెర వెనక మాత్రం కథే వేరు. బల్బులు అక్కడే కాబట్టి ఆడించేవాళ్ళ మీద బోలెడు వెలుతురు, గెయిన్ సున్నా చాలు. కాళ్ళ కింద చెక్కల చప్పుడు, చెమట, ఒక చేత్తో బొమ్మ కర్ర, ఇంకో చేత్తో కీలు పుల్ల. ఇన్నిటికీ నిజంగా కెమెరా పెట్టాల్సిన చోటు అదేనేమో అనిపించింది. పాత హ్యాండీక్యామ్‌ను అక్కడ గోడకు బిగిస్తాను. ఆ వెలుతురులో అది కొత్తదానికి ఏమీ తీసిపోలేదు.

లంకా దహనానికి కాగడా మీద గుగ్గిలం చల్లి మంట లేపుతారు. ఆటోలో మంట ఆరాక కూడా తెర నల్లబడి తేరుకోవడానికి సమయం పట్టింది, ఆ లోపు తర్వాతి మాట సగం అయిపోయింది. మాన్యువల్‌లో మంట ఒక్క క్షణం తెల్లగా పేలి, వెంటనే బొమ్మలు తిరిగొచ్చాయి. అక్కడ కూచున్నవాళ్ళ కళ్ళకూ అలాగే ఉంటుంది కాబట్టి దాన్ని సరిచేయాలని అనుకోవడం లేదు.

గురువారం

లెక్కలు. సెకనుకు 100 మెగాబిట్లు అంటే గంటకు 45 జీబీ. ఏడు గంటల ఆటకు 315. 128 జీబీ కార్డు మీద రెండున్నర గంటల పైచిలుకు వస్తుంది. రిలేలో పెడితే ఒకటి నిండగానే రెండోదాని మీదికి పోతుంది, ఆ లోపు మొదటిది మార్చాలి. వీ30 కార్డులు (సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాయగలవి) చాలు. గెయిన్ తక్కువ ఉంచడంలో ఇక్కడ కూడా లాభం ఉంది. నాయిస్ ఎక్కువైతే కోడెక్ (వీడియోను కుదించి దాచే పద్ధతి) తన బిట్లన్నీ ఆ గ్రెయిన్స్ కదలికకే ఖర్చుపెట్టి బొమ్మకు తక్కువ మిగులుస్తుంది.

కెమెరా మెమరీలో రెండు సెట్టింగులు దాచాను. మొదటిది తెరకు: ఎఫ్/2.8, 1/50, 6 డెసిబెల్స్, 2800 కెల్విన్, ఫోకస్ లాక్. రెండోది జనానికి: గెయిన్ 18, షట్టర్ 1/25, మిగతావి అవే. రాత్రి ఎక్కువ భాగం మొదటిదే. హాస్యగాళ్ళు వచ్చినప్పుడు మాత్రం కెమెరా తిప్పి రెండోది, ఆ సమయానికి తెరను వెనకున్న హ్యాండీక్యామ్ కాస్తుంది. ఆటోను ఎక్కడా వాడటం లేదు. గెయిన్ లిమిట్ అనే మెనూ ఉంది, చెయ్యి తగిలి ఆటోలోకి పోతే కాపాడటానికి దాన్ని 18 దగ్గర పెట్టి ఉంచాను.

మిగిలింది సౌండు. హార్మోనియం పక్కన మైకు పెడితే పద్యం మునిగిపోతోంది, పెద్దాయన చొక్కాకు కాలర్ మైకు పెడతానంటే ఆయన ఆటకు చొక్కా వేసుకోరు. దానికి ఇంకో దారి వెతకాలి. 100 వాట్ల ఫిలమెంటు బల్బులు ధర్మవరం మార్కెట్లో ఒక్క పాత ఎలక్ట్రికల్ షాపులోనే ఉన్నాయి. స్పేరుగా కొన్ని తీసుకుని బృందానికి ఇచ్చి వచ్చాను.